నలభై మూడేళ్ల వయసులో రిటైర్మెంట్ లెక్క: నేటి రూపాయల్లో వేసుకునే పద్ధతి

మా నాన్న గుంటూరులో ఒక ప్రైవేటు మిల్లులో గుమాస్తాగా పనిచేసి తొంభైల నడుమ రిటైర్ అయ్యారు. చేతికొచ్చిన మూడు లక్షలూ బ్యాంకులో ఎఫ్‌డీ వేశారు. అప్పట్లో వడ్డీ 12 శాతం దగ్గర ఉండేది. అంటే మన వైపు మాటల్లో నూటికి రూపాయి వడ్డీ, నెలకు మూడు వేలు. బ్రాడీపేట అద్దె ఇంట్లో ఇద్దరి బతుకు దాంతో సాఫీగా గడిచేది. 2003-04 నాటికి ఎఫ్‌డీ వడ్డీ 6 శాతం లోపుకు దిగింది. అదే మూడు లక్షల మీద నెలకు పదిహేను వందలు కూడా రాలేదు. ఈలోపు ఇంటి అద్దె, పాలు, మందులు అన్నీ పెరిగాయి. ఆయన ఎవరికీ అప్పివ్వలేదు, ఎక్కడా మోసపోలేదు, అసలులో పైసా తగ్గలేదు. ఆయన లెక్కలో రూపాయి విలువ తగ్గుతుందన్న సంగతి లేదు, అంతే.

నేను ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటూ, ఆటోనగర్‌లో ఒక విడిభాగాల సంస్థకు లెక్కలు చూస్తున్నాను. ఆదివారాలు తోటి ఉద్యోగులు, ఇరుగుపొరుగు వాళ్లు కాగితాలు పట్టుకుని వస్తుంటారు. అందరి దగ్గరా ఒకటే చూస్తాను. ఫోన్లో ఏదో క్యాలిక్యులేటర్ "పదిహేనేళ్లకు కోటి నలభై లక్షలు" అని చూపిస్తుంది, వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ కోటి నలభై లక్షలు ఎప్పటి రూపాయలో ఎవరూ అడగరు.

అందుకే ఈ పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా అన్నీ నేటి రూపాయల్లోనే లెక్కేస్తాం. రైతు బజారులో ఈరోజు కూరగాయలు కొన్న రూపాయి, 2040లో చేతికొచ్చే రూపాయి ఒకే కొలతలోకి వస్తాయి. అప్పుడు వచ్చిన అంకె ఎక్కువో తక్కువో మీ ఇంటి ఖర్చుతో పోల్చి మీరే చెప్పగలరు. ఒక నోటు పుస్తకం, మామూలు క్యాలిక్యులేటర్ చాలు. పూర్తిచేయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుంటాను. భర్తకు 43 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. భార్యకు 39. ఇద్దరు పిల్లలు. సొంత ఇల్లు, పైన ఒక పోర్షన్ అద్దెకిచ్చారు. అంకెలు నేను సర్దినవే కానీ, ఇలాంటి ఇళ్లు మన కృష్ణలంకలోనూ కొరిటెపాడులోనూ వీధికి పది ఉంటాయి.

1. ఎన్నేళ్లు సంపాదిస్తారు, ఎన్నేళ్లు బతకాలి

58కి రిటైర్ అయితే చేతిలో 15 ఏళ్లున్నాయి. తర్వాత ఎన్నేళ్లకు డబ్బు కావాలన్నది భర్త వయసును బట్టి చూడకూడదు. దంపతులిద్దరిలో చిన్నవాళ్ల వయసు చూడాలి. ఆయనకు 58 వచ్చేసరికి ఆమెకు 54. ఆమెకు 84 వచ్చేదాకా అనుకుంటే 30 ఏళ్లు. ఈ ఒక్కచోటే చాలామంది అయిదారేళ్లు తక్కువ వేస్తారు, ఆ లోటు పడేది భార్య ఒంటరిగా మిగిలిన ఏళ్ల మీద. అందుకే ఈ అంకెను ఇద్దరూ కూర్చుని రాయాలి.

ప్రభుత్వోద్యోగులకు మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి రిటైర్మెంట్ వయసు 62. వాళ్లు ఆ ప్రకారం ఏళ్లు మార్చుకోవాలి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి పాత పింఛను ఉన్నవాళ్లకు డీఏతో పాటు పింఛను పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క అంత అవసరం లేదు. ఆ తర్వాత సీపీఎస్‌లో (జీతంలోంచి కోసి జమచేసే పింఛను పథకం) చేరిన మాస్టార్లు, ఉద్యోగులు మాత్రం తప్పకుండా వేసుకోవాలి.

2. అప్పటి ఖర్చు, ఇప్పటి ధరల్లో

ఇప్పుడు ఆ ఇంట్లో నెలకు 52,000 ఖర్చవుతోంది. ఇందులో రిటైర్ అయ్యేనాటికి ఉండనివి తీసేయండి. పిల్లల ఫీజులు 9,000, ఇంటి లోను ఈఎంఐ 11,000 పోతే 32,000 మిగిలింది. కొత్తగా వచ్చేవి కలపండి. మందులు, పరీక్షలు, ఆరోగ్య బీమా ప్రీమియం కోసం 6,000 వేశాను. నెలనెలా కనిపించని ఖర్చులు కూడా ఉంటాయి. ఇంటి పన్ను, పండక్కి ఆడపిల్లకు పెట్టే చీర సారె, తిరుపతి ప్రయాణం, పెళ్లిళ్లలో చదివింపులు. ఏడాదికి 24,000 అనుకుంటే నెలకు 2,000. మొత్తం 40,000.

దయచేసి ఇక్కడ ఉజ్జాయింపుగా రాయకండి. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే చిట్టా ముందు పెట్టుకుని రాయండి. నేను చూసినంతలో మనసులో ఉన్న అంకెకీ స్టేట్‌మెంటులో తేలిన అంకెకీ కనీసం ఏడెనిమిది వేల తేడా వస్తుంది.

పిల్లల పెద్ద చదువు, పెళ్లి ఈ పుస్తకంలోకి రాకూడదు. వాటికి వేరే పేజీ, వేరే డబ్బు. రెండూ కలిపితే చివరికి పిల్లలవైపే తూకం దిగుతుంది. అది తప్పని అనను, కానీ ఎంత దిగిందో మీకు తెలియాలి.

3. ఎలాగూ వచ్చే ఆదాయం

పై పోర్షన్ అద్దె 8,000. ఏడాదికో నెల ఖాళీగా ఉంటుంది, గోడలకు సున్నాలు, మరమ్మతులు ఉంటాయి, అందుకని 7,000 వేద్దాం. అద్దె ధరలతోపాటు పెరుగుతుంది కాబట్టి నేటి రూపాయల్లో అది అలాగే నిలుస్తుంది.

పీఎఫ్ పింఛను సంగతి వేరు. సర్వీసు ఏళ్లను పింఛను జీతంతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. చాలామందికి పింఛను జీతం పరిమితి 15,000. ఇరవై ఏళ్లు దాటి సర్వీసు ఉంటే రెండేళ్లు అదనంగా కలుపుతారు. అలా 30 ఏళ్లు తేలితే నెలకు 6,428. వినడానికి బాగానే ఉంది. కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే 15 ఏళ్లలో 2.4 రెట్లవుతాయి. ఆ 6,428 నేటి విలువలో 2,680. పైగా ధరలు పెరిగినా అది పెరగదు, కాబట్టి ఏటేటా ఇంకా కరిగిపోతుంది. నేనైతే దీన్ని లెక్కలో కలపను. గ్రాట్యుటీని కూడా కలపను. 27 ఏళ్ల సర్వీసుకు, 30,000 మూలవేతనం మీద అది నేటి విలువలో 4 లక్షల 67 వేలు వస్తుంది. ఆసుపత్రి అవసరానికో ఇంటి పైకప్పుకో ఆ రెండూ పక్కన ఉండాలి.

మిగిలిన అవసరం నెలకు 33,000. ఏడాదికి 3 లక్షల 96 వేలు.

4. ఎంత మూట కావాలి

రిటైర్ అయ్యాక జాగ్రత్తగా పెట్టిన డబ్బు 7 శాతం తెచ్చి, ధరలు 6 శాతం పెరిగితే మిగిలే నిజమైన పెరుగుదల ఒక్క శాతం. ఆ లెక్కన ఏడాది ఖర్చును 20 ఏళ్లకైతే 18.05తో, 25 ఏళ్లకు 22.02తో, 30 ఏళ్లకు 25.81తో గుణించాలి.

3.96ను 25.81తో గుణిస్తే 102.2. అంటే 1 కోటి 2 లక్షలు, నేటి రూపాయల్లో. అదే 15 ఏళ్ల తర్వాతి రూపాయల్లో చెప్పాలంటే 2 కోట్ల 45 లక్షలు. ఫోన్లో కనిపించిన కోటి నలభైని దీని పక్కన పెట్టి చూడండి.

5. ఇప్పుడు ఏముంది

పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు) కొడితే దొరుకుతుంది. పాత ఉద్యోగం తాలూకు ఖాతా బదిలీ కాకుండా ఉండిపోయిందేమో ముందు చూసుకోండి. మ్యూచువల్ ఫండ్లన్నిటికీ కలిపి ఒకే స్టేట్‌మెంటు వస్తుంది. బ్యాంకు, పోస్టాఫీసు పాస్‌బుక్కులు ఎంట్రీ వేయించండి.

మన ఉదాహరణలో పీఎఫ్ 11 లక్షలు, పీపీఎఫ్ (బ్యాంకులోనో పోస్టాఫీసులోనో మనమే తెరుచుకునే దీర్ఘకాల పొదుపు ఖాతా) 4 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 3 లక్షలు, ఎఫ్‌డీ 3 లక్షలు.

బంగారం రాయలేదు. ఇంట్లో ఆడవాళ్ల ఒంటిమీది బంగారాన్ని రిటైర్మెంట్ సొమ్ముగా లెక్కేయడం నాకు ఇష్టం లేదు, అమ్మాల్సి వచ్చినప్పుడు అమ్మగలమన్న నమ్మకమూ లేదు. ఉంటున్న ఇల్లు కూడా రాయలేదు.

స్థలం విషయంలో మన విజయవాడ, గుంటూరు వాళ్లకు గట్టిగా చెప్పాలి. మంగళగిరి వైపో తుళ్లూరు వైపో రెండు వందల గజాలుంటే చాలు, రిటైర్మెంట్ అయిపోయిందనుకుంటారు. 2014 తర్వాత రాజధాని మాటతో ఎక్కిన ధరలు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఏమయ్యాయో మనం కళ్లారా చూశాం. ధర తగ్గడం కాదు, అసలు కొనేవాడే కనిపించలేదు. 2024 తర్వాత మళ్లీ కదలిక వచ్చింది. కానీ ఆ నాలుగైదేళ్లలో రిటైర్ అయినవాళ్లు నెల ఖర్చులకు గజం గజంగా అమ్ముకోలేరు కదా. స్థలం ఉంటే ఉండనివ్వండి. ఈ పట్టికలో మాత్రం, అమ్మి డబ్బు బ్యాంకులో పడిన రోజునే రాయండి.

చేబదులుగా రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన డబ్బు కూడా ఇంతే. ఏడాదికి 24 శాతం అని రాసుకుంటే లెక్క దివ్యంగా ఉంటుంది. అంత వడ్డీ కట్టే మనిషి ఏ పరిస్థితిలో తీసుకున్నాడో ఆలోచించండి. అసలు మాత్రమే రాయండి, అది కూడా వస్తుందన్న నమ్మకం ఉంటేనే. చీటీ కడుతుంటే ఇప్పటిదాకా కట్టింది రాసుకోండి, పాడాక వచ్చిన మొత్తంతో సరిచేయండి.

6. దేనికి ఎంత పెరుగుదల

బారువడ్డీతో పదిహేనేళ్ల లెక్క కుదరదు, చక్రవడ్డీ వేయాలి. అయితే వచ్చే వడ్డీలోంచి ధరల పెరుగుదల తీసేశాక మిగిలిన దాని మీదే వేయాలి. ధరలు 6 శాతం అనుకుందాం. 72ను 6తో భాగిస్తే 12, అంటే పన్నెండేళ్లకోసారి ఖర్చు రెట్టింపు.

పీఎఫ్ వడ్డీ 2023-24లోనూ 2024-25లోనూ 8.25 శాతం. 6 తీస్తే దాదాపు 2. పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఉంది, మిగిలేది 1. ఎఫ్‌డీ వడ్డీలోంచి ఆదాయపు పన్ను పోయాక మిగిలేది దాదాపు సున్నా. షేర్ల ఫండ్లకు నేను 4 వేస్తాను. గతంలో ఇంకా ఎక్కువ వచ్చిన ఏళ్లున్నాయి, ఫండ్లు అమ్మే వాళ్లు 12 శాతం, 15 శాతం పెట్టి చూపిస్తారు. ముందు తక్కువ వేసి, ఎక్కువొస్తే సంతోషిద్దాం.

ఇవి గుణకాలు. మొదటిది ఇప్పుడున్న నిల్వకు, రెండోది ఏటా వేసే సొమ్ముకు.

10 ఏళ్లు: 1 శాతానికి 1.105, 10.46. 2 శాతానికి 1.219, 10.95. 4 శాతానికి 1.480, 12.01.
15 ఏళ్లు: 1 శాతానికి 1.161, 16.10. 2 శాతానికి 1.346, 17.29. 4 శాతానికి 1.801, 20.02.
20 ఏళ్లు: 1 శాతానికి 1.220, 22.02. 2 శాతానికి 1.486, 24.30. 4 శాతానికి 2.191, 29.78.

7. గుణించడం

పీఎఫ్: మూలవేతనం, డీఏ కలిపి 30,000. ఉద్యోగి వాటా 12 శాతం, 3,600. సంస్థ కూడా 3,600 కడుతుంది కానీ అందులో 1,250 పింఛను నిధికి పోతుంది, ఖాతాలో పడేది 2,350. రెండూ కలిపి ఏడాదికి 71,400. 11 లక్షలను 1.346తో గుణిస్తే 14.80. ఏటి జమ 0.714ను 17.29తో గుణిస్తే 12.35. మొత్తం 27.15 లక్షలు.

పీపీఎఫ్: నెలకు 2,000 వేస్తే, అదే పద్ధతిలో 8.51 లక్షలు. ఫండ్లు: నెలకు 6,000 సిప్‌తో (ఫండ్లో నెలనెలా వేసే వాయిదా) 19.82 లక్షలు. ఎఫ్‌డీ 3 లక్షలు మూడుగానే ఉంటుంది.

అన్నీ కలిపితే 58 లక్షల 48 వేలు. పదిహేనేళ్ల తర్వాతి రూపాయల్లో ఇది సరిగ్గా ఆ కోటి నలభయ్యే. కావాల్సింది 1 కోటి 2 లక్షలు. లోటు దాదాపు 44 లక్షలు.

ఇక్కడ ఒక షరతుంది. నేటి రూపాయల్లో లెక్కేశాం కాబట్టి మీరు వేసే సొమ్ము కూడా ధరలతోపాటు ఏటా 6 శాతం పెరగాలి. జీతం పెరిగితే పీఎఫ్ దానంతటదే పెరుగుతుంది. సిప్ పెరగదు, మీరే పెంచాలి. 6,000 వచ్చే ఏడాది 6,360 కావాలి. పెంచకుండా పదిహేనేళ్లూ 6,000 దగ్గరే వదిలేస్తే ఆ సిప్ ద్వారా వచ్చే 14.4 లక్షలు 9.7 లక్షలకు పడిపోతాయి.

8. కుదిపి చూడటం

ఇంతవరకు వేసిన లెక్క ఒక్క ఊహ మీద నిలబడింది. దాన్ని కదపండి. ధరలు 6 బదులు 7 శాతం పెరిగి, వడ్డీలు మాత్రం ఇలాగే ఉంటే? ప్రతి పెరుగుదలలోనూ ఒక శాతం తగ్గించి మళ్లీ గుణించాను. పోగయ్యేది 52 లక్షల 50 వేలు, కావాల్సింది 1 కోటి 19 లక్షలు. లోటు 44 నుంచి 66 లక్షలకు పెరిగింది. ఒకే ఒక్క శాతానికి ఇంత తేడా.

ఇది టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. ఒక్క అంకె పట్టుకుని నిద్రపోకూడదని చెబుతున్నాను. పుస్తకంలో రెండు లోట్లూ రాయండి. మీ నిజం ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

9. లోటు పూడ్చడం

44 లక్షలు వినగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయకండి. ముక్కలు చేస్తే తగ్గుతుంది.

సిప్ ఇప్పుడే మరో 5,000 పెంచితే 12 లక్షలు వస్తాయి. 52,000 ఖర్చున్న ఇంట్లో ఇది తేలిక కాదు, నాకు తెలుసు. ఒకేసారి కుదరకపోతే ఈ ఏడాది రెండు వేలు, వచ్చే ఇంక్రిమెంటుకు మూడు వేలు పెంచండి. కాస్త తగ్గుతుంది, ఫర్వాలేదు.

ఇంటి లోను ఆరేళ్లలో తీరుతుంది. ఆ 11,000 అప్పటికి నేటి విలువలో 7,750 దగ్గర ఉంటుంది. తీరిన మరుసటి నెల నుంచే దాన్ని ఫండ్లోకి మళ్లిస్తే తొమ్మిదేళ్లలో 9 లక్షల 85 వేలు. ఒక్క నెల ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలో కనిపిస్తే చాలు, కొత్త బండి ఈఎంఐ కింద పోతుంది. అందుకే చివరి వాయిదా తేదీ ఇప్పుడే పుస్తకంలో రాసిపెట్టండి.

ఇంతవరకు 80 లక్షల 30 వేలు అయింది. ఇక 58 బదులు 60 దాకా, అదే సంస్థలోనో మరోచోటో, ఇదే జీతం స్థాయిలో పనిచేస్తే? మూట 91 లక్షల 50 వేలకు చేరుతుంది. ఖర్చు పెట్టాల్సిన ఏళ్లు 30 నుంచి 28కి తగ్గుతాయి కాబట్టి అవసరం 96 లక్షల 30 వేలకు దిగుతుంది. రెండేళ్లు రెండువైపులా పనిచేస్తాయి. మిగిలిన 4 లక్షల 80 వేలు నెల ఖర్చులో 2,000 తగ్గిస్తే సరిపోతాయి, అవసరం 90 లక్షల 45 వేలవుతుంది.

ఈ నాలుగింటిలో నాకు అన్నిటికంటే నమ్మకమున్నది లోను తీరాక మళ్లించే డబ్బు మీద. ఇప్పటికే ఆ డబ్బు లేకుండా బతకడం అలవాటైన ఇల్లది. రెండేళ్లు అదనంగా పనిచేయడం మీద నమ్మకం తక్కువ. ఆరోగ్యం, కంపెనీ రెండూ ఒప్పుకోవాలి. దాన్ని ఆఖరి ముక్కగానే పెట్టుకోండి.

10. తీసే వరుస

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ తిరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ధర పడిన ఏడాది చేతిలో వేరే డబ్బున్న రైతు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉంచి ఆగగలడు. అప్పులవాళ్లు ఇంటిముందు కూర్చున్న రైతు ఆరోజు ధరకే తూకం వేయాలి. పదేళ్ల సగటు ధర బాగుందన్న మాట ఆయనకు ఎందుకూ పనికిరాదు.

రిటైర్ అయిన మొదటి మూడు నాలుగేళ్లలో షేర్లు పడితే మనదీ అదే పరిస్థితి. పడిన ధరకు యూనిట్లు అమ్ముకుని తింటే, తర్వాత మార్కెట్ లేచినా మన దగ్గర లేవడానికి యూనిట్లు ఉండవు. అందుకే 54 ఏళ్ల నుంచి ఏటా కొంత చొప్పున ఫండ్ల నుంచి తీసి, రిటైర్ అయ్యే రోజుకు కనీసం అయిదేళ్ల ఖర్చు షేర్లకు సంబంధం లేని చోట ఉంచుకోవాలి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో ఒకరు 30 లక్షల దాకా పెట్టొచ్చు. ఇప్పటి 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. 60 దాటినవాళ్లకు నేరుగా, 55 దాటి రిటైర్ అయినవాళ్లకు సొమ్ము చేతికొచ్చిన కొద్ది నెలల్లోపు చేరేలా వీలుంది, ఆ గడువు దాటనివ్వకండి. ఆ వడ్డీ కూడా ధరలతో పెరగదు. మా నాన్న ఎఫ్‌డీ కథ ఇక్కడ మళ్లీ జరగకూడదంటే, వచ్చిన వడ్డీ మొత్తం తినేయకుండా మిగతా మూటలో కొంత భాగం అప్పటికీ ఫండ్లలో పెరుగుతూ ఉండాలి.

11. ఏటా ఒకసారి

ఉగాది రోజు పంచాంగంలో మన రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో ఎలాగూ చూసుకుంటాం. ఆ సాయంత్రమే ఈ పుస్తకం తీయండి. ఆర్థిక సంవత్సరం మారే రోజులు కూడా అవే. కొత్త నిల్వలు రాసి, ఏళ్లలో ఒకటి తగ్గించి, కొత్త ఖర్చు, కొత్త వడ్డీలతో మళ్లీ గుణించండి. పాత పేజీ చింపకండి. నిరుటి లోటు పక్కన ఈ ఏటి లోటు కనిపించాలి. పీఎఫ్, పీపీఎఫ్, ఫండ్లు, ఎఫ్‌డీ అన్నిటిలో నామినీ పేరు సరిగా ఉందో లేదో కూడా ఆరోజే చూడండి. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి మరిచిపోయిన పీఎఫ్ ఖాతాలు నేను నాలుగైదు చూశాను. పుస్తకం ఏ బీరువాలో ఉందో భార్యకు చెప్పి, ఒక పేజీ ఆమె చేతే గుణింపించండి.